అడిగి దాచిన డబ్బా

నలభై రెండేళ్ళు బరంపురంలో రబ్బరు ముద్రలు చెక్కాను.
ఒడియా గుండ్రాలు, తెలుగు తలకట్లు, ఇంగ్లీషు నిలువుగీతలు,
అన్నీ అద్దంలో చూసినట్టే, ఎడమ కుడై.
మా ఆవిడకి రాసిన మొదటి ఉత్తరం కూడా
సగం తిరగబడే రాశానట, ఇప్పటికీ దెప్పుతుంది.

ఇప్పుడు యంత్రం నాలుగు నిమిషాల్లో ఉమ్మేస్తోంది సీళ్ళు.
కొట్లో నేనూ ఈగలూ.

ఆ ఖాళీలోకే వచ్చింది ఒక పిల్ల,
చేత్తో చెక్కిన ముద్ర కావాలంటూ.
ఆట చెప్పింది:
నీళ్ళు దూరని డబ్బా, లోపల ఒక ముద్ర, ఒక పుస్తకం.
ఎక్కడో దాచి, దారిని పొడుపుకథ చేసి వదలాలి.
దొరికినవాడు నీ ముద్ర తన పుస్తకంలో కొట్టుకుని
తన ముద్ర నీ పుస్తకంలో కొట్టి
ఎక్కడిది అక్కడే పెట్టి పోవాలి.
"గెలిస్తే ఏటిస్తారమ్మా?"
"ఏమీ ఇవ్వరు."
ఆ మాట నచ్చింది నాకు.

ఎండుచేప బొమ్మ చెక్కాను.
గోపాల్‌పూర్ ఒడ్డున, దీపస్తంభానికి ఇవతల,
గోడ కట్టి టికెట్టు పెట్టిన తోట ఒకటుంది.
గోడ లేనప్పుడు మా అమ్మ అక్కడ నెత్తళ్ళు ఎండేసేది.
కాకుల్ని తోలడం నా ఉద్యోగం, గుప్పెడు చేపలు జీతం.

మొదటిసారి అడగలేదు.
యాభై రూపాయల టికెట్టు కొని
సరుగుడు వేళ్ళ సందున డబ్బా తోసి వచ్చేశాను.
లోపల చిన్న పొగరు: మా ఇసకే కదా.

నాలుగో రోజున కంటపడిందట.
జనాన్ని బయటికి తరిమి, పోలీసుల్ని పిలిచి,
వెదురుకర్రతో దూరం నుంచి మూత తీస్తే
చేప.
ఆ పరుగులో ఒక బాలింత పడి మోకాలు చీరుకుంది.
చెప్పింది తోటమాలి ఢిల్లేశు, మా వాడవాడే,
వేట మానేసి కత్తెర పట్టినవాడు.
"అడిగితే నోరు పడిపోద్దా మావా?"

వెళ్ళాను అడగడానికి.
మేనేజరు పాణిగ్రాహి బాబు కళ్ళద్దాలు నుదుటికెక్కించి
"ఏ సంస్థ తరఫున? దరఖాస్తు మీద సీలుండాలి" అన్నాడు.
సీలు!
నా చెక్కబల్ల మీద నోటరీలున్నారు, హెడ్మాస్టర్లున్నారు,
చచ్చిపోయిన సర్పంచి ఒకడు కుడి నుంచి ఎడమకి
ఇంకా సంతకం కోసం చూస్తున్నాడు.
నా పేరున మాత్రం ఒక్కటీ లేదు.

ఆ రాత్రి చెక్కుకున్నాను.
పేరు, వీధి. కింద ఏ పదవి పెట్టాలో తోచక
ఉత్త గీత ఒకటి గీసి వదిలేశాను.
పాణిగ్రాహి బాబు చాలాసేపు ఆ గీత మీద వేలుంచాడు.
తవ్వకూడదన్నాడు. కుండీలు జరపకూడదు.
డబ్బా మీద పేరూ ఫోను నంబరూ ఉండాలి.
తుఫాను కబురొస్తే నువ్వే వచ్చి పట్టుకుపోవాలి.
అప్పుడు కొట్టాడు తన ముద్ర.
మూడో అక్షరానికి తోక తెగి ఉంది.
నా చెయ్యే అది, తొంభై తొమ్మిదిలో,
కరెంటు లేని నెలలో కొవ్వొత్తి పెట్టుకుని చెక్కినది.
చెప్పలేదు.

పొడుపు ఇలా రాశాను:
దీపానికి వీపు పెట్టు.
కాళ్ళు కడిగిన నీళ్ళు ఎటు పోతే అటు పో.
కాకి వాలే చోట నువ్వు వంగు.

వానలు వెలిశాక వెళ్ళి చూస్తే డబ్బా లేదు.
గుండె జారింది.
రెండడుగుల అవతల, పెంకు ముక్క కింద కనబడింది.
పుస్తకంలో సైకిలు, బొద్దింక, వేపాకు,
బెంగాలీలో ఎవరిదో ఇంటిపేరు,
లిప్‌స్టిక్‌తో ఒక పసి బొటనవేలు.
చివరి పేజీలో మట్టి చెయ్యి,
చూపుడువేలికి కొస లేదు, వలతాడు తెంపుకుపోయింది.

ఎందుకు జరిపావురా అన్నాను.
గొట్టంతో మొక్కలకి నీళ్ళు పెడుతూ
తల తిప్పకుండానే అన్నాడు ఢిల్లేశు:
"మీయమ్మ పీట ఉండింది ఇక్కడ మావా.
అక్కడ కాదు."